ఆహార శాస్త్రం, ఆహార పరిశ్రమలో ఉద్యోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆహార శాస్త్రం అంటే వంట నేర్చుకోవడమా, పోషకాహారం గురించి చదవడమా?

రెండూ కాదు. వంట నిపుణుడు ఆ పూటకు, ఎదురుగా కూర్చున్న వారి కోసం వండుతాడు. పోషకాహార నిపుణుడు తిన్న తరువాత ఆ ఆహారం ఒంట్లో ఏమి చేస్తుందో చూస్తాడు. ఆహార శాస్త్రవేత్త పని ఈ రెండింటి నడుమ ఉంటుంది. ముడిసరుకు ప్యాకెట్‌గా మారి, గోదాముల్లోనూ లారీల్లోనూ దుకాణం అరల మీదా వారాలో నెలలో గడిపి, చివరికి ముక్కూమొహం తెలియని ఎవరో దాన్ని విప్పేసరికి అది పాడవకుండా, హాని చేయకుండా, మొదటి ప్యాకెట్ ఎలా ఉందో లక్షో ప్యాకెట్ కూడా అలాగే ఉండేటట్లు చూడడం అతని బాధ్యత.

ఈ చివరి మాటలోనే వృత్తి కష్టమంతా ఉంది. ముడిసరుకు ఎప్పుడూ ఒకేలా రాదు. గోధుమలో ప్రొటీన్ పంటపంటకూ మారుతుంది, పాలలో కొవ్వు కాలాన్ని బట్టి మారుతుంది, టమాటాలో పులుపూ తీపీ కోత కోతకూ మారుతాయి. మారే సరుకుతో మారని ఉత్పత్తిని తీయడానికి రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, ఇంజనీరింగ్ మూడూ కావాలి. రుచి తెలిసి ఉండడం మంచిదే కానీ, దానితోనే ఉద్యోగం రాదు.

ఏ డిగ్రీ ఉండాలి? కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవారు రావచ్చా?

ఫుడ్ సైన్స్, ఫుడ్ టెక్నాలజీ, ఫుడ్ ఇంజనీరింగ్, డెయిరీ టెక్నాలజీ డిగ్రీలు నేరుగా ఈ రంగానికి దారి తీస్తాయి. అయితే పరిశ్రమలో పనిచేస్తున్న వారందరూ ఆ దారిన వచ్చినవారు కారు. ల్యాబ్‌లలో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ పట్టభద్రులు, యంత్రాల దగ్గర కెమికల్, మెకానికల్ ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. ఆహార శాస్త్రం చదివినవారికి ఉన్న అదనపు బలమల్లా ఈ విద్యలన్నింటినీ ఒకే ఉత్పత్తి మీద కలిపి చూడగలగడమే. మిగతా వారు దాన్ని ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటారు.

సబ్జెక్టుల విషయంలో ఒక మాట. విద్యార్థులు సాధారణంగా తేలికగా తీసుకునేది స్టాటిస్టిక్స్, ఉద్యోగంలో మొదటి నెల నుంచే అవసరపడేదీ అదే. ఒక బ్యాచ్‌లో ఎన్ని నమూనాలు తీయాలి, ప్యాకెట్ల బరువులో కనబడిన తేడా మామూలు ఒడిదుడుకా లేక యంత్రం దారి తప్పిందా, కొత్త ఫార్ములా పాతదానికన్నా నిజంగా మెరుగైనదా అనే ప్రశ్నలన్నింటికీ జవాబు అక్కడే దొరుకుతుంది. ఉష్ణ ప్రసరణ, ద్రవ ప్రవాహం వంటి ఇంజనీరింగ్ పాఠాలను కూడా పరీక్ష కోసం చదివి వదిలేయకూడదు.

మొదటి ఉద్యోగం సాధారణంగా ఎక్కడ దొరుకుతుంది?

చాలామందికి ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో, షిఫ్ట్ ఉద్యోగంగా దొరుకుతుంది. పరిశోధన విభాగంలో తెల్ల కోటుతో మొదలుపెట్టాలని ఆశించినవారికి ఇది కొంత నిరుత్సాహంగా తోచవచ్చు. నా అభిప్రాయంలో మాత్రం ఇంతకన్నా మంచి ప్రారంభం లేదు. ఉత్పత్తి లైన్ మీద ఒకటి రెండేళ్లు గడిపినవారు తరువాత ఏ విభాగానికి వెళ్లినా, కాగితం మీద బాగున్న ఆలోచన యంత్రం దగ్గర ఎందుకు నిలవదో ముందే పసిగడతారు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. షిఫ్ట్‌లోకి రాగానే ముందు షిఫ్ట్ వారి రిజిస్టర్ చదవాలి. పులుపును కొలిచే పీహెచ్ మీటర్‌ను (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4, 7 విలువలున్న బఫర్ ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో సరిచేసుకోవాలి, తూకం యంత్రాన్ని ప్రామాణిక బరువుతో సరిచూసుకోవాలి. తరువాత లైన్ మీదికి వెళ్లి మెటల్ డిటెక్టర్ గుండా మూడు పరీక్ష ముక్కలను ఒక్కొక్కటిగా పంపాలి: ఒకటి ఇనుము, ఒకటి ఇత్తడి వంటి ఇనుము కాని లోహం, ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్. యంత్రానికి స్టెయిన్‌లెస్ స్టీల్‌ను పట్టుకోవడం కష్టం కాబట్టి ఆ ముక్క తక్కిన రెండింటికన్నా సాధారణంగా కాస్త పెద్దదిగా ఉంటుంది. యంత్రం మోగితే సరిపోదు, ఆ ప్యాకెట్‌ను లైన్ మీది నుంచి నిజంగా పక్కకు తోసిందో లేదో కూడా చూడాలి. ఒక్క ముక్క తప్పించుకుపోయినా, క్రితం తనిఖీ సరిగా జరిగిన సమయం నుంచి అప్పటి దాకా తయారైన సరుకంతా ఆపి, యంత్రం బాగయ్యాక మళ్లీ దాని గుండా పంపవలసిందే. గంటకొకసారి చేయవలసిన తనిఖీని బద్ధకించి రెండు గంటలకు వాయిదా వేసిన వ్యక్తికి, ఆపవలసిన సరుకు కూడా రెట్టింపవుతుందన్న సంగతి ఆ రోజే అర్థమవుతుంది.

వీటి మధ్యలో సీళ్లు గట్టిగా ఉన్నాయా, ప్యాకెట్ మీద అచ్చయిన తేదీ సరైనదేనా, లైన్ మీద నడుస్తున్న ఉత్పత్తికీ చుట్టిన లేబుల్‌కూ పొంతన ఉందా అని చూస్తూ ఉండాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, వేరుశనగ ఉన్న బిస్కట్ వేరుశనగ లేని బిస్కట్ లేబుల్‌తో బయటికి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించవలసి రావడానికి ఉన్న ప్రధాన కారణాలలో లేబుల్ మీద చెప్పని అలెర్జీ పదార్థం ఒకటి.

క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అస్యూరెన్స్ ఒకటేనా?

చిన్న సంస్థల్లో ఒకే మనిషి రెండూ చేస్తారు కాబట్టి ఒకటిగానే కనిపిస్తాయి. కంట్రోల్ అంటే తయారైన, తయారవుతున్న సరుకును పరీక్షించడం. అస్యూరెన్స్ అంటే తప్పు జరగకుండా పద్ధతులు రాసి పెట్టడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, ముడిసరుకు పంపేవారిని ఆమోదించడం, ఆడిట్లు చేయడం. మొదటిదానిలో అనుభవం వచ్చినవారు రెండోదానికి వెళ్లడం మామూలు క్రమం.

ప్రతి ప్రకటనలోనూ హాసప్ అని అడుగుతున్నారు. అదేమిటి?

హెచ్‌ఏసీసీపీ (హజార్డ్ అనాలిసిస్ అండ్ క్రిటికల్ కంట్రోల్ పాయింట్, అంటే ప్రమాదాల విశ్లేషణ, కీలక నియంత్రణ దశ) అని రాసి హాసప్ అని పలికే ఈ పద్ధతి పుట్టింది 1960 ప్రాంతంలో, అంతరిక్ష యాత్రికుల భోజనం కోసం. అమెరికాలోని పిల్స్‌బరీ సంస్థ, నాసా, అమెరికా సైన్యపు నేటిక్ ప్రయోగశాలలు కలిసి ఈ పని చేశాయి. అంతరిక్షంలో ఎవరికైనా కడుపు చెడితే వైద్యం అందే అవకాశం లేదు కాబట్టి ఆహారం పూర్తిగా సురక్షితమని ముందే తేలాలి. తయారైన సరుకును పరీక్షించి తేల్చుకుందామంటే, నమ్మకం కలిగేటన్ని నమూనాలు పరీక్షలకే ఖర్చయిపోయి తినడానికి మిగిలేది కొంచెమే. అందుకని వారు ఆలోచనను తిరగేశారు. సరుకును కాక, తయారీ ప్రక్రియను అదుపులో పెట్టాలనుకున్నారు. ప్రమాదం ఏయే దశల్లో రావచ్చో ముందే విశ్లేషించి, వాటిలో ఏ దశ తప్పితే ఇక వెనక్కి తిప్పుకోలేమో గుర్తించి, అక్కడ ఒక కొలవదగిన హద్దు పెట్టి, దాన్ని నిత్యం గమనిస్తూ ఉండాలి.

ఉదాహరణకు పాల పాశ్చరీకరణలో 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు అనేది అలాంటి హద్దు. ఉష్ణోగ్రత దానికన్నా తగ్గితే ఒక వాల్వ్ తానే తిరిగి పాలను వెనక్కి మళ్లిస్తుంది, రికార్డర్ ఆ క్షణాన్ని నమోదు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 1963లో ఏర్పాటు చేసిన కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ ఈ పద్ధతి మార్గదర్శకాలను 1993లో ఆమోదించింది. దీనికి ఏడు సూత్రాలున్నాయి. వాటిని వల్లించడం ఇంటర్వ్యూకు పనికొస్తుంది. అయితే ఒక ఉత్పత్తి తయారీ క్రమాన్ని కాగితం మీద గీసి, ఏ దశ కీలకమో, ఏ దశ కాదో కారణంతో చెప్పగలగడమే అసలైన నైపుణ్యం. అన్ని దశలనూ కీలకమని రాసే వారికి ప్రమాదం ఎక్కడుందో తెలియదనే అర్థం.

డబ్బాల్లో నిల్వ చేసే ఆహారానికి ప్రత్యేక నిపుణులు ఎందుకు?

ఈ రంగంలో పొరపాటుకు అతి పెద్ద మూల్యం చెల్లించవలసిన చోటు అదే కాబట్టి. ఫ్రాన్స్‌కు చెందిన నికొలా అపెర్ గాజు సీసాల్లో ఆహారాన్ని మూసి వేడి చేసి నిల్వ ఉంచే పద్ధతిని 1810లో ప్రచురించి, ఆ దేశ ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకులు అందుకున్నాడు. పద్ధతి పని చేస్తోందని అతనికి తెలుసు కానీ, ఎందుకు పని చేస్తోందో తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1890లలో శామ్యూల్ ప్రెస్కాట్, విలియం అండర్‌వుడ్ అనే ఇద్దరు అమెరికాలోని ఎంఐటీలో, డబ్బాల్లో పెట్టిన నత్తగుల్లల మాంసం ఎందుకు చెడుతోందో పరిశోధించి, మరిగే నీటి వేడికి కూడా చావని బీజకణాలే, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలే కారణమని చూపారు.

వాటిలో అతి ప్రమాదకరమైనది క్లాస్ట్రీడియం బాట్యులినం. గాలి చొరని డబ్బాలో, పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉన్న ఆహారంలో ఇది పెరిగి, నరాలను చచ్చుబడేసే విషాన్ని తయారు చేస్తుంది. అందుకే 4.6 అనే అంకె ఈ పరిశ్రమలో ఒక సరిహద్దు రేఖ. జామ్, పండ్ల రసం వంటివి ఆ రేఖకు దిగువన ఉంటాయి కనుక తక్కువ వేడితో సరిపెట్టవచ్చు. బఠాణీ, మాంసం, చేప వంటివి పైన ఉంటాయి కనుక రిటార్ట్ అనే పీడన పాత్రలో 121 డిగ్రీల ప్రాంతంలో ఉడికించాలి. డబ్బా నడిబొడ్డున ఉన్న, అన్నింటికన్నా ఆలస్యంగా వేడెక్కే బిందువు కనీసం 3 నిమిషాల పాటు 121.1 డిగ్రీలకు సమానమైన వేడిని పొందాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ఆహారంలో ఆ బ్యాక్టీరియా బీజకణాలు బతికే అవకాశాన్ని లక్ష కోట్లలో ఒక వంతుకు దించడం దీని ఉద్దేశం.

ఈ లెక్కలు వేసే నిపుణుడు ఉష్ణోగ్రతను కొలిచే సన్నని థర్మోకపుల్ తీగలను డబ్బాల్లోకి గుచ్చి, రిటార్ట్‌లో ఏ మూల చల్లగా ఉంటుందో వెతికి, చిక్కదనం కాస్త మారినా, ముక్కల సైజు పెరిగినా, డబ్బా ఆకారం మారినా లెక్కను మొదటి నుంచి కడతాడు. సాస్ చిక్కగా ఉంటే బాగుంటుందని అభివృద్ధి విభాగం కాస్త పిండి పదార్థం ఎక్కువ కలిపితే, వేడి లోపలికి చేరే వేగం పడిపోతుంది. ఆ మార్పును నిపుణుడికి చెప్పకుండా చేస్తే పాత సమయం ఇక చాలదు. ఇలాంటి నిపుణులు ఎక్కువమంది లేరు. లెక్కల మీద ఇష్టం, ఓపిక ఉన్నవారికి ఈ శాఖలో దీర్ఘకాలం గౌరవమైన స్థానం ఉంటుంది.

కొత్త ఉత్పత్తులు తయారు చేసే విభాగంలో రోజంతా రుచి చూడడమేనా?

రుచి చూడడం ఉంటుంది, కానీ ఎక్కువ సమయం తూకాలకు, లెక్కలకు, ముడిసరుకు అమ్మేవారితో మాట్లాడడానికి, మార్కెటింగ్ వారు కోరినది ఎందుకు కుదరదో నచ్చజెప్పడానికి పోతుంది. ‘చక్కెర మూడోవంతు తగ్గించండి, రుచి మారకూడదు, ధర పెరగకూడదు’ అన్న కోరిక వచ్చిందనుకోండి. చక్కెర తీపినే కాదు, బరువును, మెత్తదనాన్ని, కాలిన రంగును కూడా ఇస్తుంది. జామ్‌లో అయితే నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. తీపిని వేరే పదార్థంతో భర్తీ చేయవచ్చు, మిగతా పనులన్నీ ఎవరు చేస్తారు? సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్న నీటిని సూచించే నీటి క్రియాశీలత (సున్నా నుంచి 1 దాకా ఉండే కొలత) 0.85 దాటితే స్టాఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా పెరగడానికి దారి తెరుచుకుంటుంది కాబట్టి, అంతవరకు బల్ల మీద నిల్వ ఉన్న ఉత్పత్తి ఫ్రిజ్‌లోకి వెళ్లవలసి రావచ్చు. అప్పుడు రవాణా, ఖర్చు, అమ్మకం అన్నీ మారతాయి.

రెండో కష్టం పెద్ద ఎత్తుకు తీసుకుపోవడం. ల్యాబ్‌లో 2 కిలోలు చేస్తే అద్భుతంగా వచ్చినది, ఫ్యాక్టరీలో 2,000 కిలోలు చేస్తే అలా రాకపోవడం ప్రతి సంస్థలోనూ జరిగేదే. పాత్ర పెద్దదయ్యే కొద్దీ లోపలి సరుకుతో పోలిస్తే వేడి అందించే గోడ వైశాల్యం తగ్గిపోతుంది, వేడెక్కడానికీ చల్లారడానికీ చాలా ఎక్కువ సమయం పడుతుంది, ఆ సమయంలో రంగు ముదురుతుంది, వాసన ఎగిరిపోతుంది. చిన్న మిక్సర్‌లో నిలిచిన మయొనేజ్ పెద్ద పంపుల గుండా వెళ్లేసరికి విరిగిపోవచ్చు. అందుకే ల్యాబ్‌కూ ఫ్యాక్టరీకీ నడుమ పైలట్ ప్లాంట్ అనే మెట్టు ఉంటుంది. ఈ మెట్టును దాటవేసి తొందరపడిన సంస్థలు తరువాత అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తాయి.

నిల్వ కాలం తేల్చడం కూడా ఈ విభాగం పనే. ఏడాది నిలవాలనుకున్న ఉత్పత్తిని ఏడాది పాటు పరీక్షించే తీరిక సాధారణంగా దొరకదు. ఎక్కువ వేడిలో ఉంచి, 10 డిగ్రీలు పెరిగితే చెడే వేగం సుమారు రెండు మూడు రెట్లు అవుతుందనే అంచనాతో కాలాన్ని కుదిస్తారు. చాక్లెట్ వంటి వాటికి ఈ కిటుకు పనికిరాదు. వేడికి కొవ్వు కరిగిపోతే అది చెడిపోవడం కాదు, వేరే పదార్థంగా మారడం.

నాలుకకు ప్రత్యేకమైన శక్తి ఉంటేనే సెన్సరీ నిపుణులు కాగలమా?

అక్కర్లేదు. ఇక్కడ నిపుణుడు రుచి చూసేవాడు కాదు, రుచి చూసేవారిని కొలత పరికరంలా వాడుకునేవాడు. మూడు కప్పుల్లో రెండింటిలో ఒకే పానీయం, ఒకదానిలో వేరేది పోసి, వేరుగా ఉన్నదేదో కనిపెట్టమనడం బాగా వాడుకలో ఉన్న పరీక్ష. ఊరకే ఊహించినా మూడింట ఒక వంతు మంది సరిగానే చెబుతారు కాబట్టి, ఎంతమంది సరిగా చెబితే నిజమైన తేడా ఉన్నట్టో స్టాటిస్టిక్స్‌తో తేల్చాలి. కప్పులకు మూడంకెల యాదృచ్ఛిక సంఖ్యలు వేయడం, ఇచ్చే క్రమాన్ని మార్చడం, రంగు కనబడకుండా ఎర్ర దీపాల కింద కూర్చోబెట్టడం, మధ్యలో నోరు పుక్కిలించమనడం, ఇవన్నీ మనసు చేసే మోసాన్ని తగ్గించడానికే. ‘చాలా ఇష్టం’ నుంచి ‘అసలు ఇష్టం లేదు’ దాకా సాగే తొమ్మిది మెట్ల ఇష్టపు కొలమానాన్ని అమెరికా సైన్యం తన సిపాయిల భోజనం కోసం తయారు చేయించింది. నేటికీ అదే వాడుకలో ఉంది.

పరిమళాలు కూర్చే ఫ్లేవరిస్ట్ వృత్తి మాత్రం వేరు. అందులో వందలాది సుగంధ రసాయనాలను ముక్కుతో గుర్తుపట్టి జ్ఞాపకం ఉంచుకోవాలి. అది అనుభవజ్ఞుడైన గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం చేసి నేర్చుకునే విద్య.

ల్యాబ్‌లో ఆహార విశ్లేషణ ఉద్యోగం యాంత్రికంగా ఉండదా?

పరీక్ష చేసే చేతికి అలా అనిపించవచ్చు. ఆ పరీక్ష నిజంగా దేన్ని కొలుస్తోందో ఆలోచించే బుర్రకు అనిపించదు. దీనికి 2008లో చైనాలో జరిగిన పాల కల్తీ కన్నా పెద్ద పాఠం లేదు. 1883 నుంచి వాడుకలో ఉన్న కెల్డాల్ పద్ధతి ప్రొటీన్‌ను నేరుగా కొలవదు. నైట్రోజన్‌ను కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తుంది. నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిపితే, దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే కాబట్టి, యంత్రం ప్రొటీన్ పుష్కలంగా ఉన్నట్టే చూపింది. ఆ పాలపొడి తాగిన సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, వారిలో కొందరు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. పరీక్ష తన పని తాను సరిగానే చేసింది. అది అడగని ప్రశ్నను కల్తీదారు కనిపెట్టాడు. అప్పటి నుంచి ఆహార మోసాన్ని పట్టుకోవడం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఐసోటోపుల నిష్పత్తి, డీఎన్ఏ పరీక్ష, మాస్ స్పెక్ట్రోమెట్రీ తెలిసినవారు అందులో కావాలి.

నిబంధనల విభాగం, ప్యాకేజింగ్, సాంకేతిక అమ్మకాలు వంటివి ఎవరికి సరిపోతాయి?

నిబంధనల విభాగం అక్షరం అక్షరం చదివే వారికి సరిపోతుంది. ఒకే బిస్కట్‌ను రెండు ప్రాంతాల్లో అమ్మాలంటే రెండు లేబుళ్లు కావాలి. ఐరోపా యూనియన్ 14 అలెర్జీ పదార్థాలను ప్రకటించమంటుంది, అమెరికా 9 అంటుంది. ఆ తొమ్మిదోదైన నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. ప్యాకేజింగ్‌కు పాలిమర్ రసాయన శాస్త్రం తెలిసినవారు వెళతారు. చిప్స్ సంచిలోని ఆ వెండి పొర తేమనూ వెలుతురునూ ఆపకపోతే లోపలి నూనె కొద్ది వారాల్లోనే మక్కు వాసన కొడుతుంది. మాట నేర్పు ఉండి, ప్రయాణాలు ఇష్టమైనవారు ముడిసరుకు తయారు చేసే సంస్థల్లో అప్లికేషన్ టెక్నాలజిస్టులుగా చేరవచ్చు. వారు ఎంజైములు, చిక్కదనం ఇచ్చే పదార్థాలు, పరిమళాల వంటి వాటిని కొనుగోలుదారు ఫ్యాక్టరీలో పని చేయించి చూపుతారు. వేతనం బాగుండే దారి ఇది. దీని గురించి విద్యార్థులకు ఎవరూ పెద్దగా చెప్పరు.

పీజీ, పీహెచ్‌డీ అవసరమా? సర్టిఫికెట్లు పనికొస్తాయా?

ఫ్యాక్టరీ నిర్వహణ, నాణ్యత, ఉత్పత్తి విభాగాల్లో ఎదగడానికి డిగ్రీ, అనుభవం చాలు. ఉత్పత్తి అభివృద్ధిలో పీజీ ఉన్నవారికి ప్రాధాన్యం ఉంటుంది. పెద్ద సంస్థల మౌలిక పరిశోధనలో, విశ్వవిద్యాలయ బోధనలో పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి. ఏ శాఖ మీద ఇష్టమో తెలియకముందే పై చదువులోకి దూకడం కన్నా, కొంతకాలం పని చేసి వెళ్లడమే మేలని నేను అనుకుంటాను.

సర్టిఫికెట్లలో హాసప్ శిక్షణ, 2005లో వచ్చి 2018లో సవరణ పొందిన ఐఎస్ఓ 22000 అనే ఆహార భద్రతా ప్రమాణంపై అంతర్గత ఆడిటర్ శిక్షణ మొదట తీసుకోదగినవి. అమెరికాలో 1939లో స్థాపితమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫుడ్ టెక్నాలజిస్ట్స్ అనుభవజ్ఞుల కోసం ‘సర్టిఫైడ్ ఫుడ్ సైంటిస్ట్’ అనే అర్హతను ఇస్తోంది. మిగతావన్నీ ఉద్యోగం అడిగినప్పుడు తీసుకుంటే సరిపోతుంది. గోడ నిండా సర్టిఫికెట్లు ఉండి, లైన్ మీద స్వాబ్ (సూక్ష్మజీవుల పరీక్షకు దూదిపుల్లతో తుడిచి తీసే నమూనా) ఎక్కడ తీయాలో తెలియనివారు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పని వాతావరణం ఎలా ఉంటుంది? కొన్ని పదార్థాలు తినని వారు, అలెర్జీ ఉన్నవారు చేరవచ్చా?

రాత్రి షిఫ్టులు, తడి నేల, యంత్రాల రొద, శీతల గదుల చలి, రిటార్టుల దగ్గర ఉక్క ఉంటాయి. నగలు, గడియారం, గోళ్ల రంగు లోపలికి అనుమతించరు. జలుబు చేస్తే చెప్పాలి, విరేచనాలైతే చెప్పి తీరాలి. అలాంటప్పుడు ఆహారాన్ని తాకే పనిలో ఉంచరు.

తినని పదార్థాలుంటే ముందే చెప్పడం మంచిది. నాణ్యత, ప్యాకేజింగ్, నిబంధనలు, ఇంజనీరింగ్ వంటి చాలా పనులకు రుచి చూడవలసిన అవసరమే ఉండదు. రుచి ప్యానెళ్లలో పాల్గొనడం సాధారణంగా ఐచ్ఛికం. తీవ్రమైన అలెర్జీ ఉన్నవారు ఆ పదార్థం పొడి రూపంలో గాలిలో తేలే ప్లాంట్‌ను మాత్రం ఎంచుకోకూడదు. పిండి మిల్లులు, బేకరీల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వారికి పిండి ధూళి వల్లనే ఉబ్బసం రావడం వైద్యులకు బాగా తెలిసిన వృత్తి వ్యాధి.

అనుమానం ఉన్న సరుకును పంపించమని పైవారు ఒత్తిడి చేస్తే?

ఈ వృత్తిలో ఏదో ఒక రోజు ఈ పరిస్థితి ఎదురవుతుంది. సాధారణంగా అది బెదిరింపుగా రాదు, ‘లారీ వచ్చి నిలబడి ఉంది, ఫలితం రేపు వస్తుంది కదా, ఎప్పుడూ బాగానే వస్తుంది కదా’ అన్న మెత్తని మాటగా వస్తుంది. అప్పుడు చేయవలసింది వాదన కాదు. సరుకు మీద ‘హోల్డ్’ చీటీ అంటించి, బ్యాచ్ నంబరు, సమయం, కారణం రాసి, అధికారికి లిఖితపూర్వకంగా పంపాలి. రాతలో ఉన్నదాన్ని తోసిపుచ్చడానికి ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు.

ఆలోచించకపోతే ఏమవుతుందో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా ఉదంతం చూపుతుంది. 2008–09లో ఆ సంస్థ వేరుశనగ ఉత్పత్తుల నుంచి వ్యాపించిన సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, 9 మంది మరణించారు. పరీక్షల్లో దోషం తేలిన సరుకును, అసలు పరీక్షించని సరుకును కూడా బాగుందని కాగితాలు పుట్టించి పంపినట్టు విచారణలో రుజువైంది. 2015లో సంస్థ అధిపతికి 28 ఏళ్లు, నాణ్యతా విభాగం మేనేజరుకు దర్యాప్తును అడ్డుకున్నందుకు 5 ఏళ్లు జైలు శిక్ష పడింది. పైవారు చెప్పారు కాబట్టి చేశానన్న మాట ఆ హోదాలో ఉన్నవారిని కాపాడదు.

ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు? మనం ఏమి అడగవచ్చు?

నిర్వచనాలు కొన్ని అడుగుతారు కానీ, ఎక్కువగా సందర్భాలు ఇస్తారు. ‘పాశ్చరైజర్ రికార్డర్ 20 నిమిషాలు ఆగిపోయింది, పాలు బాగానే ఉన్నాయి, ఏమి చేస్తావు?’ ‘ఫ్రిజ్‌లో ఉంచే ఉత్పత్తి అయితే లిస్టీరియా గురించి ఎందుకు భయపడతాం?’ మొదటిదానికి జవాబు, నమోదు లేకపోతే ప్రక్రియ జరిగినట్టు రుజువు లేదు కాబట్టి సరుకు ఆపడం. రెండోదానికి, ఆ బ్యాక్టీరియా మిగతా వాటిలా చలికి ఆగిపోకుండా ఫ్రిజ్‌లోనూ మెల్లగా పెరుగుతుంది, తడి మురుగు కాలువల్లో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది కాబట్టి. జవాబు తెలియకపోతే, తెలుసుకోవడానికి ఏ కొలత తీస్తారో చెప్పినా మంచి మార్కులే పడతాయి.

మీ వంతు వచ్చినప్పుడు ప్లాంట్ చూపించమని అడగండి. ఉద్యోగం ఇచ్చేవారు సాధారణంగా కాదనరు. చేతులు కడిగే చోట సబ్బు, తుడుచుకునే కాగితం ఉన్నాయా, పచ్చి సరుకు దగ్గర పనిచేసేవారు అవే బూట్లతో తయారైన సరుకు వైపు నడుస్తున్నారా అని చూడండి. గోడకు వేలాడే రిజిస్టర్ కనబడితే ఒక్కసారి కన్నేయండి. వేర్వేరు దస్తూరీలు, మధ్యలో కొట్టివేతలు, పక్కన పొడి అక్షరాలు, 72.3, 72.8 వంటి అంకెలు ఉంటే అవి యంత్రం దగ్గర నిలబడి రాసినవి. వారం మొత్తం ఒకే దస్తూరీతో, ఒకే సిరాతో, ప్రతి గంటా సరిగ్గా 72.0 అని ఉంటే మాత్రం, అవి ఆడిట్ ముందు రోజు సాయంత్రం కూర్చుని నింపినవి.